చల్లని గదిలో పాసైన ప్రాసెసర్

కర్నూలులో ఒక కంప్యూటర్ సర్వీసు సంస్థలో సీనియర్ ఇంజనీరుగా నా చివరి పోస్టింగు. రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఏప్రిల్ మొదటి వారంలో, బేతంచెర్లలోని ఒక నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ పని నా పేరు మీద వేశారు. ప్రాసెసర్ పోయిందని కంప్లయింటు. యజమాని మద్దిలేటిరెడ్డి. ఆ కంప్యూటర్ మీద పనిచేసేది షాహీన్ అనే అమ్మాయి. ఏ బండ పరిస్తే గది ఎట్లా ఉంటుందో బొమ్మ గీసి కొనేవాళ్లకు చూపించడం ఆమె ఉద్యోగం.

కొత్త ప్రాసెసర్ బిగించినంత మాత్రాన పని అయిపోదు. స్ట్రెస్ టెస్టు పెట్టాలి. అంటే దానికి ఊపిరాడనంత లెక్కలిచ్చి గంటల తరబడి నడిపి, వేడి ఎంతకు పోతుందో, ఎక్కడైనా లెక్క తప్పుతుందేమో చూడాలి. మెషీనును మా సెంటరుకు తెచ్చి ఎనిమిది గంటలు నడిపాను. డెబ్బై డిగ్రీలు దాటలేదు. ఆ మాట వినగానే రెడ్డి స్పీడు పెంచమన్నాడు. తయారుచేసినవాళ్లు చెప్పిన వేగాన్ని మించి నడపడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. దానికి పద్ధతి ఉంది. ఒక్కో మెట్టే పెంచాలి, ప్రతి మెట్టుకూ మళ్లీ టెస్టు పెట్టాలి, వోల్టేజీ జోలికి వీలైనంతవరకు పోకూడదు, వేడి ఎనభై ఐదు దాటితే వెనక్కి దిగాలి. రెండు మెట్లు పెంచాను, అదీ పాసైంది. బేతంచెర్ల పోయి బిగించి, దీనికి చల్లగాలి తగులుతూ ఉండాలని షాహీన్‌కు చెప్పి వచ్చాను. మా సెంటరు ఏసీ గది అన్న సంగతి నేను సంతకం పెట్టిన టెస్టు కాగితంలో ఎక్కడా లేదు.

పదిహేను రోజులకు రెడ్డి ఫోను.

"ఏమప్పా, మధ్యాన్నమైతే సాలు, ఆరిపోతాండాది. కొనేటోళ్లు కూర్చోనుంటే బొమ్మ సగంలో పాయ. నువ్వు ఏం సూసినావో ఏమో."

నాకు ఒళ్లు మండింది. అన్ని గంటలు నేను కళ్లారా చూసుకున్న మెషీను అది. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లు కదా, ఆ అమ్మాయే సెట్టింగులు కెలికి ఉంటుందన్నాను. అక్కడితో ఊరుకోలేదు. ప్రతి కంప్లయింటుకూ మేము రాసే కాల్ షీటులో, కారణం అనే గడిలో, 'వాడేవారి తప్పిదం' అని రాసి రెడ్డికి పంపించాను. మెషీను మూత కూడా విప్పకుండా రాశాను.

మూడు రోజుల తర్వాత తీరిక చేసుకుని పోయాను. రెడ్డి గేటు దగ్గరే ఆపాడు.

"ఆ పాపను నెలాఖరుకు మానిపిస్తాండా. నీ కాగితమే ఉండాది కదా."

లోపలికి పోయి సెట్టింగులు చూస్తే నేను పెట్టిన రెండు మెట్లు పెట్టినట్టే ఉన్నాయి. మూత విప్పాను. ప్రాసెసర్ వేడిని లాగే రేకుల మధ్య తెల్లగా, గట్టిగా, గార పూసినట్టు మూసుకుపోయింది. ఉత్త రాతి దుమ్మయితే బ్రష్షుకు రాలుతుంది. ఇది తడిసి ఆరి, స్క్రూడ్రైవరు మొనతో గీకితే పెచ్చులుగా లేస్తోంది. తల తిప్పి చూస్తే, గదిలో ఉన్న ఒకే ఒక్క నీళ్ల కూలరు మూరెడు దూరంలో సరిగ్గా మెషీను మీదికి తడిగాలి కొడుతోంది. ఎవరు పెట్టారని గట్టిగానే అడిగాను.

"నేనే సార్. చల్లగాలి తగలాలంటిరి కదా. ఈడ ఉండేది ఇదొక్కటే. నా దిక్కునుంచి దానికి తిప్పినా."

ఆమె తడిపిన తుండు మెడకు చుట్టుకుని కూర్చుని ఉంది. పాలిష్ షెడ్డు పక్కనే కిటికీ కింద కంప్యూటర్ పెట్టిన రెడ్డి మీద చిరాకుపడ్డాను, కూలరు మీద చిరాకుపడ్డాను. తిరిగి తిరిగి అది నా మీదికే వచ్చింది.

రేకులు శుభ్రం చేసి, కూలరును ఆమె వైపు తిప్పి, మెషీనును కిటికీ దగ్గర నుంచి జరిపించి, అక్కడే మిట్టమధ్యాహ్నం, షెడ్డు నడుస్తుండగా, టెస్టు పెట్టాను. రెండు మెట్ల మీద ఇరవై నిమిషాల్లో తొంభై దాటింది. ఒక మెట్టు దించినా ఎనభై ఐదు దాటింది. అసలు వేగానికి దించితే ఎనభై రెండు దగ్గర నిలబడింది. మూడు గంటలు కాచుకుని, ఆ వేగం మీదే వదిలేశాను. స్పీడు పోయిందని రెడ్డి సణిగాడు.

తర్వాత కాల్ షీటు అడిగి తీసుకుని, నా మాట కొట్టేసి, 'టెస్టు చేసినవారి తప్పిదం' అని రాసి సంతకం పెట్టాను. కింద రెడ్డినీ పెట్టమన్నాను.

"మళ్లా రాసేదేంటికప్పా? నోటితో సెప్తే సాలదా?"

మానిపించడానికి కాగితం కావలసి వచ్చినప్పుడు ఆ అమ్మాయిని ఉంచుకోవడానికీ కావాలన్నాను. గొణుక్కుంటూ పెట్టాడు. షాహీన్ సగంలో ఆగిన బొమ్మ మళ్లీ మొదలుపెట్టుకుంది.

ఆ తర్వాత ఏ మెషీనునైనా అది పనిచేసే చోటనే, అది పనిచేసే వేళలోనే పరీక్షించాను. కాగితం మీద మొట్టమొదట గది వేడి రాశాను. మూత విప్పి చూసేదాకా కారణం గడి ఖాళీగా వదిలేశాను. ఖాళీ గడులకు పై అధికారులు రెండుసార్లు మెమో ఇచ్చారు. తీసుకున్నాను.