తుమ్మపాల నుంచి చీడికాడకి, పాత చిన్న కారులో

చీడికాడ మండలంలో స్కూలుకి బదిలీ అయ్యాక నా పొద్దులన్నీ అనకాపల్లి బస్టాండులోనే గడిచిపోయేవి. నేరుగా వెళ్ళే బస్సు తప్పితే చోడవరంలో దిగి ఆటో పట్టుకోవాల్సి వచ్చేది. వెళ్ళేసరికి ప్రేయరు అయిపోయేది. లైసెన్సు వచ్చి రెండేళ్ళయినా డ్రైవింగ్ స్కూలు కారు తప్ప వేరేది ముట్టుకోలేదు. తుమ్మపాలలో రిటైరైన లైన్‌మన్ అప్పలనాయుడు గారు తన చిన్న కారు అమ్ముతున్నారని తెలిసి ఫోన్ చేశాను. వీధి చివరిదాకా తిప్పి చూసి కొనకూడదనీ, రోజూ వెళ్ళే దారిలోనే ఒకసారి నడిపి చూడమనీ ఆయనే అన్నారు.

ఆదివారం ఉదయం ఏడున్నరకి బయల్దేరాం. స్టీరింగు దగ్గర నేను, పక్కన ఆయన, వెనక ఆయన భార్య సత్యవతి గారు. కంటి డాక్టరు ఇక బండి నడపొద్దన్నారట, అందుకే అమ్మకం. దారి పొడుగునా కారు లోపాలు ఆయనే చెప్పుకొచ్చారు. ఏసీ వేస్తే ఎత్తు మీద లాగదట, వెనక ఎడమ డోరు గట్టిగా వేస్తేగానీ పడదట. స్పీడు బ్రేకర్ల మీద కారు అడుగు తగలకపోతే మాత్రం నావైపు తిరిగి చిన్నగా నవ్వేవారు. చోడవరంలో టీ తాగి, తొమ్మిది దాటాక చీడికాడ చేరాం. అక్కడినుంచి మా స్కూలున్న కోనాం రిజర్వాయరు వైపు పోనిమ్మన్నారు.

ఎత్తు ఎక్కుతుంటే ముందు చెరకు ట్రాక్టరు ఆగింది. నేనూ ఆపాను. మళ్ళీ కదిలిద్దామంటే బండి రెండుసార్లు ఆగిపోయి, కాస్త వెనక్కి జారింది. వెనకున్న లారీ హారన్ కొడుతోంది. మీరు తీసుకోండి అని డోరు తీయబోయాను.

"నేను తీసుకోనమ్మా. రేపు నీ పక్కన నేనుండను కదా," అన్నారాయన నెమ్మదిగా. "హ్యాండ్‌బ్రేక్ ఎయ్యి. క్లచ్ మెల్లగా ఒదులు. బండి ముందుకి లాగతన్నట్టు తెలుత్తాది, అప్పుడు బ్రేక్ దించు."

కారు కదిలింది. రిజర్వాయరు గట్టు దాకా మళ్ళీ ఆగకుండా నడిపాను.

తిరుగు ప్రయాణంలో సత్యవతి గారిని ముందు కూర్చోమన్నాను. ఆమె మొహమాటపడ్డారు. కారు కొన్నప్పటినుంచీ ముందు సీటు అత్తగారిదట. ఆవిడ పోయాక కూడా ఆ అలవాటే ఉండిపోయిందట. కూర్చుని కాసేపు చూసి, "ముందునుంచి సూత్తే రోడ్డు ఇంత వెడల్పుగా ఉంటాదేటి," అన్నారు.

చోడవరం దాటాక వెనకనుంచి ఆయన గొంతు వినిపించింది. "ఏటే, ఇక్కడ మోకాళ్ళు సీటుకి తగుల్తన్నాయి. ఎప్పుడూ సెప్పలేదేటి?"

"మీరెప్పుడడిగేరు?" అన్నారావిడ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే.

పదకొండున్నరకి తుమ్మపాలలో దిగాం. నేను పోయించిన ఐదు వందల పెట్రోలు రానూపోనూ సరిపోయింది. ఆయన బానెట్ మీద దుమ్ము చేత్తో తుడుస్తూ నిలబడ్డారు. తాళం ఇవ్వడానికి కొంచెం సేపు పట్టింది. ఇప్పుడు రోజూ అదే కారులో స్కూలుకి వెళ్తున్నాను. ఇంకా ఆ ఎత్తు దగ్గర భయమేస్తుంది, కానీ ఆగిపోయిన బండిని మళ్ళీ కదిలించడం ఒకరు ఓపికగా నేర్పారు కదా అనుకుంటే చేతులు నిలకడగా ఉంటాయి. చిన్న కారు కొనేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే: స్టీరింగు ఇంకొకరికిచ్చి, వెనక సీట్లో ఒక అరగంట మీరు కూర్చోండి.