వెంబ్లీలో నా అంటార్కిటికా

లండన్ శివారు వెంబ్లీలో కొత్తగా దిగిన ఆ రోజుల్లో నాకు రెండే దిక్కులు: ఉద్యోగమిచ్చిన కోల్డ్ స్టోర్, ఊరికే పుస్తకాలిచ్చే లైబ్రరీ. (ఫ్లాట్ కూడా ఉండేది గానీ, అందులో ఐదుగురం, హీటర్ ఒకటి.) గడ్డకట్టిన చేపల పెట్టెలు సర్దే పని దొరకగానే, చలి సంగతేమిటో తెలుసుకుందామని అంటార్కిటికా పుస్తకాలన్నీ ఇంటికి మోసుకొచ్చాను. అక్కడి మంచు మీద గాలికి వాసనే ఉండదట. తుఫాను లేస్తే నేలా ఆకాశం ఒకటే తెలుపై, చాచిన చెయ్యి చాచినవాడికే కనబడదట. నన్ను వణికించింది మాత్రం ఇంకొకటి: చలి కొరికినచోట నొప్పి ఉండదు. ముక్కు, చెవులు మైనంలా తెల్లబడి స్పర్శ పోతుంది. అప్పుడు పొరపాటున కూడా రుద్దకూడదు. ఈ జ్ఞానాన్ని ఫ్లాట్‌లో అందరికీ అడక్కుండానే పంచాను.

మొదటి షిఫ్ట్‌లో వెనక దళసరి తలుపు మూసుకోగానే ముక్కులోని వెంట్రుకలు పుల్లల్లా బిగుసుకున్నాయి. ఇన్ని చేపల మధ్యా వాసన లేదు. పుస్తకం నిజమేనని సంతోషించాను కూడా. కాసేపు పెట్టెలు మోశాక, పెట్టెలెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి ఆగి ఉంటే, దాని అద్దంలో నా మొహం కనబడింది. ముక్కు కొన తెల్లగా ఉంది. చెవుల అంచులు, మీసం కూడా. అచ్చం మైనం. ముక్కు ఉందో లేదో తెలియడం లేదు, ముట్టుకుని చూసే వీల్లేదు. ఇంకా పెళ్లి కూడా కాలేదు, ముక్కు లేకుండా ఫోటో ఎలా దిగాలి?

ఫోర్క్‌లిఫ్ట్ నడిపేది నిజామాబాద్ అంకుల్. మా ఫ్లాట్‌లోనే ఉండేవాడు, నాకీ పని ఇప్పించిందీ ఆయనే.

"అంకుల్, అంబులెన్స్ పిలవండి. నా ముక్కు చచ్చిపోయింది."

"గా తెల్లగ ఏంది బిడ్డా?" అంటూ చెయ్యి చాపాడు.

"ముట్టుకోకండి, ఊడొస్తుంది."

ఆయన నన్ను రెక్క పట్టుకుని క్యాంటీన్‌కి నడిపించి, హీటర్ పక్కన కూర్చోబెట్టాడు. కాసేపటికి ముక్కు మీంచి ఏదో పెదవి మీదికి జారింది. కరిగిపోతోందనుకుని కళ్లు మూసుకున్నాను. అంకుల్ ఆ చుక్కని వేలితో తీసి వాసన చూశాడు.

"పొద్దుగాల ఏం పూసుకున్నవ్?"

"కొబ్బరినూనె. చర్మం పగలకుండా రాసుకోమని అమ్మ చెప్పింది."

"ఈ దేశంల సీసాల పేరుకుంటలేదా? నీ ముక్కు మీద గూడ గంతే. గన్ని పుస్తకాలు సదివినవ్, ఒక్కదాంట్ల గూడ నూనె ముచ్చట లేదా?"

"లేదంకుల్." (తర్వాత మళ్లీ వెతికాను కూడా. లేదు.)

ఇప్పటికీ నేను అంటార్కిటికా వైపు వెళ్లలేదు, వెళ్లే ధైర్యమూ లేదు. అయినా అక్కడ ఎలా ఉంటుందని అడిగితే ఒక్క ముక్క చెప్పగలను: మన ఒళ్లు మనకు చెప్పకుండానే మనల్ని వదిలి వెళ్లిపోతోందేమోనన్న భయం. ఆ రోజు క్యాంటీన్‌లో రెండు చేతులతో ముక్కు పట్టుకుని, అది ఉన్నందుకు ఏడుస్తూ కూర్చున్న ఆ కుర్రాణ్ని తలచుకుంటే నవ్వొస్తుంది. కాస్త అసూయ కూడా. ఏ పుస్తకాన్నీ ఇప్పుడు నేనంత గట్టిగా నమ్మలేకపోతున్నాను.