అందరి వెనక పరుశురాం

సూరత్‌కు అవతల మహల్ అనే అడవిలో రాళ్లు తేలిన ఎక్కుడు దారి ఒకటి ఉంది. కాలు నేల మీద పెట్టకుండా దానిని సైకిలు మీదే ఎక్కడం మా పరుశురాం మొదటి గెలుపు. మూడు వానాకాలాలు పడుతూ లేస్తూ నాలుగో ఏట ఎక్కాడు. పరుశురాం నా తమ్ముని కొడుకు. ఉండేది సూరత్‌లో, డిండోలి. పని ఉధ్నాలో మగ్గాల షెడ్డు. మా వాళ్లలో గేర్ల సైకిలుతో అడవులు పట్టుకు తిరిగిన మొదటివాడు ఇతనేనని నేనంటాను. కాదన్నవారు ఇంతవరకు ఎదురుకాలేదు.

ఆ తరువాత సాపుతారా ఘాటు ఎక్కాడు. మహారాష్ట్ర వైపు చిఖల్‌దరా అడవిలో వాన వెలవకుండానే రెండు రోజులు తొక్కాడు. ఇవన్నీ ఇరవై ఏళ్లు మగ్గాల ముందు నిలబడిన మనిషి చేసినవి. ఆ మోత అతని చెవులను సగానికి పైగా తినేసింది.

ఈ జూలైలో ఆ చెవులే అడ్డం వచ్చాయి. మహల్‌లో దిగుడు దారిన ఇతడు ముందు, అనురాధ వెనక. సైకిళ్ల బృందాన్ని నడిపేది ఆమే. వరంగల్ వాళ్ల అమ్మాయి. పక్కకు జరగమని ఈల ఊదింది. ఇతనికి వినబడలేదు. తప్పించబోయి ఆమె వెదురు పొదలో పడింది, మణికట్టు బెణికింది. డిసెంబరులో బృందం పచ్‌మఢీ కొండలకు పోవాలి. పరుశురాం ఏడాదిగా దాని కోసమే ఎదురు చూస్తున్నాడు.

చేతి కట్టుతోనే ఆమె డిండోలికి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను.

“అన్నా, ఏమనుకోకు. నిన్ను పచ్‌మఢీకి తీస్కపోను. ఈల ఇనవడని మనిషి ముందటుంటే ఎనకోళ్ల పానం మీదికొస్తది.”

పరుశురాం ఆమె పెదవుల వైపే చూస్తూ విన్నాడు. “ముందటోళ్లు ఆగుమంటే చెయ్యి లేపుతరు గదా. అది నాకు కనవడ్తది. షెడ్డుల మేం మాట్లాడుకునేదే చేతులతోని.”

“ఎనకనుంచి పిలిస్తేనో?”

“నా ఎనక ఎవలుంటరు? అందరికన్న ఆఖరుకు నేనే వస్త. ఎవలి సైకిలన్న ఖరాబైతే ఆగి బాగుజేస్త.”

అనురాధకు ఆ మాట నచ్చినట్టుంది. “అందరు లేపిన దుమ్మంత నువ్వే తినాలె మరి.”

“షెడ్డుల తింటలేనా చెల్లె. జర రుచి మారుతది.”

ఆమె నవ్వింది. ముందు మహల్‌లో చూస్తానంది. నాకు మాత్రం నచ్చలేదు.

“ముందట పోయేటోనివి. గిట్ల అందరి ఎనక పడుడేందిరా?”

“ఆఖరోడు రాంది ముందటోళ్లు కదలద్దు పెదబాపు. అది రూలు.”

దీపావళి తరువాత మహల్‌లో పరీక్ష పెట్టారు. దారిలో ఇద్దరి గొలుసులు తెగితే అతికించి, వాళ్లను ముందు పంపి, తాను వెనక వచ్చాడు. అనురాధ ఒప్పుకుంది.

పోయిన ఆదివారం బయలుదేరారు. అతని మగ్గాలను తమ్ముడు సాయికుమార్ నడుపుతున్నాడు. నిన్న పరుశురాం భార్య పద్మారాణి ఫోనుకు ఒక ఫొటో వచ్చింది. బృందం వాగు దాటుతోంది. ఇతడు చివరన, చెట్ల నీడలో సగమే కనిపిస్తాడు.

మిగతావారు శనివారం రైలు దిగుతారు. సైకిళ్లను టెంపోకు ఎత్తించి, దానితో వచ్చేది ఆఖరివాడే. పరుశురాం ఇల్లు చేరవలసింది డిసెంబరు 14, ఆదివారం.