రంజన్ అడుగు కనిపించిన రోజు

బాన్సువాడ అంటే నాకు ముందు ఎండ గుర్తొస్తుంది. యాసంగి కోతలు అయిపోయి, నిజాంసాగర్ కాలువ సన్నబడి, పొలాల్లో ఒట్టి కొయ్యకాళ్ళు మిగిలాక, అడ్డేదీ లేక నేలంతా తనదే అన్నట్టు పడుకునే ఎండ. ఆ ఎండలో దూరంగా ఉన్నవన్నీ కొంచెం వణుకుతూ కనిపించేవి. జ్ఞాపకంలో చూసుకున్నా ఇప్పటికీ అలాగే వణుకుతాయి. కాబట్టి నేను చెప్పేవాటి అంచులు కాస్త కదిలినట్టుంటే ఆ తప్పు నాది కాదు, ఎండది.

డెబ్బైల చివర అది. ఆడపిల్లల బడిలో నేను తెలుగు టీచరుని. ఆటల టీచరు పోస్టు ఖాళీగా ఉండేది. ఏళ్ళ తరబడి పిల్లలతో ఖాళీలు పూరింపజేసిన దాన్ని కదా, ఆ ఖాళీని నాతో పూరించారు. నాకున్న అర్హతల్లా బడి మొత్తంలో కాన్వాసు బూట్లున్న ఆడమనిషిని నేనొక్కదాన్నే కావడం. అవైనా మడమ నొప్పికి కొన్నవి. ద్రుతం గురించి పావుగంట చెప్పగలను గానీ ద్రుతంగా నాలుగడుగులు వేయలేను. అయినా ఖోఖో జట్టు నా చేతికొచ్చింది.

పన్నెండుమంది పిల్లలు. ఎక్కువమంది బీడీలు చుట్టే ఇళ్ళవాళ్ళు. ఆకు కత్తిరించీ దారం చుట్టీ వాళ్ళ వేళ్ళు ఎంత చురుకంటే, వెనకనుంచి వీపు తట్టి 'ఖో' అన్నప్పుడు తట్టినట్టే తెలిసేది కాదు. ఒక్క పిల్ల మాత్రం తండా నుంచి కాలువ గట్టు మీదుగా నడిచి వచ్చేది. ఆ పిల్ల పరిగెత్తితే నీడ వెనకబడేదని మేం అనుకునేవాళ్ళం. తల్లీతండ్రీ ఎక్కువ కాలం పనికి వలసపోయిన చోటే ఉండిపోయేవాళ్ళు. దాదీ, అంటే నాయనమ్మ, పెంచుతోంది.

టోర్నమెంటుకి ముందురోజు ఆ దాదీ బడికి వచ్చింది. నుదుటిదాకా దించిన అద్దాల ఓణీ, మోచేతులు దాటిన గాజులు. మనవరాలిని నా ముందు నిలబెట్టింది.

"పంతులమ్మా, పోరిని ఎట్ల తీస్కపోతున్నవో గట్లనే తెచ్చియ్యాలె. జరంత అటిటైనా ఇగ ఆట లేదు, బడి లేదు. మేకల ఎంబడి పోతది."

"ఫికర్ చెయ్యకు దాదీ," అన్నాను, ఫికర్ అంతా నాకే ఉన్నా.

ఆ పిల్ల మాత్రం నన్నే చూస్తూ నిలబడింది, తన ఆటా బడీ రెండూ నా చేతి సంచిలో పెట్టినట్టు.

టోర్నమెంటు రెండు రోజులు, ఊరి చివర మగపిల్లలు ఆడుకునే గ్రౌండులో. నేను అన్నిటికన్నా ముందు నీళ్ళ సంగతి చూశాను. ఎండలో ఆడే పిల్లలు నీళ్ళు బాగా తాగాలని ఎక్కడో చదివాను. చదివింది చేసి చూపించే అవకాశం తెలుగు టీచర్లకు తరచుగా రాదు. నీళ్ళు చల్లబడే పెద్ద మట్టికుండ, కొత్త రంజన్ కొన్నాను, చుట్టూ తడి గోనె చుట్టించాను. మా బడి ఆయమ్మ తెల్లారకముందే నీళ్ళు మోసి నింపింది. వేపచెట్టు నీడలో ఇసుక మీద ఆ రంజన్ పీట మీద పెళ్ళికూతురిలా కూర్చుంది.

మొదటి ఆట డోంగ్లి నుంచి వచ్చిన పిల్లలతో. వాళ్ళు మరాఠీలో అరుచుకుంటుంటే మావాళ్ళు తెలుగులో కంగారుపడి, చివరికి గెలిచారు. మధ్యలో నేను "నీళ్ళు తాగండి, నీళ్ళు" అని తిరుగుతూనే ఉన్నాను. ఒక్కొక్కళ్ళే వచ్చి సత్తు గ్లాసు ఎత్తి, దించి, మూతి తుడుచుకుని పోయారు. పదకొండింటికి రంజన్లోకి తొంగిచూశాను. మెడ దాకా నిండుగా ఉంది. నా మొహం అందులో కనిపించింది, చాలా తృప్తిగా. ఎంత మంచి ఏర్పాటు చేశాను, ఇంతమంది తాగినా తరగలేదు అనుకున్నాను! లెక్కల టీచరునైనా కాదుగా, తీసివేత రాలేదని ఒప్పుకోవడానికి.

మధ్యాహ్నం రెండో ఆటలో తండా పిల్ల తరుముతోంది. చివరి కొయ్య దగ్గర తిరగబోయి, కొయ్యను పట్టుకుని, దాన్ని కౌగిలించుకున్నట్టే మెల్లగా కిందికి జారింది. నాకది ఇప్పటికీ చప్పుడు లేని కలలాగే కనిపిస్తుంది. విజిల్ వేసేవాడి బుగ్గలు ఉబ్బాయి, కానీ విజిల్ వినబడలేదు. నేను పరిగెత్తాను. నా మడమ నొప్పి ఏమైందో తెలీదు.

వేపనీడకు మోసుకొచ్చాం. ఆయమ్మ తడిగుడ్డతో మెడా చేతులూ తుడిచింది. పిల్ల కళ్ళు తెరిచింది. ఒళ్ళు కాలిపోతోంది, పెదాలు పగిలి తెల్లబడ్డాయి. గ్లాసు ముంచి నోటికి ఆనించాను. పెదాలు బిగించేసింది.

"తాగమ్మా."

"దూప లే టీచర్."

నాలుక పిడచకట్టుకుపోయిన పిల్ల దాహం లేదంటోంది.

"పిచ్చిదానివా? తాగు!" అని గదమాయించాను. ఏడుపు మొహం పెట్టింది. కళ్ళనీళ్ళు రాలేదు. రావడానికి ఆ ఒంట్లో నీళ్ళుంటేగా.

"గట్ల గదమాయిస్తే తాగదు టీచరమ్మా," అంది ఆయమ్మ. "తాగినంక యాడికి పోవాలె?"

"ఎక్కడికి పోవడమేంటి?"

ఆయమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఇగ ఇప్పి చెప్పాల్నా మీకు? చుట్టూర మొగోళ్ళు. గోడ లేదు, పొద లేదు. ఇంట్లయితే తెల్లారకముందు పోతరు, మళ్ళ చీకటయినంక పోతరు. ఈడ మాపటిదాక ఎట్ల ఆపుకుంటరు? గందుకే నిన్న రాత్రి సంది ఎవలు సరిగ తాగలే."

కెప్టెన్ పిల్ల తల దించుకుంది. "ఉత్తగనే పెదాలకు ఆనిచ్చి దించినం టీచర్. మీరు గంత కష్టపడి రంజన్ తెచ్చిన్రు, బాధపడ్తరని."

"మీరు తాగిన్రా?" ఆయమ్మ నన్నడిగింది.

నోరు తెరిచాను. నేనూ తాగలేదు. పొద్దున్న అర కప్పు టీ, అంతే. తాగకూడదని అనుకోనుకూడా లేదు. పదేళ్ళ వయసులో మొదటిసారి బస్సెక్కేటప్పుడు అమ్మ "నీళ్ళు ఎక్కువ తాగకు" అంది. అప్పట్నుంచీ గడప దాటిన ప్రతి రోజూ నా గొంతు తనంతట తానే మూతపడుతోంది. పిల్లలకు నీళ్ళు తాగండని చెబుతూ తిరిగిన నోరే అది. దాహాన్ని అంత బాగా దాచుకోవడం నేర్చుకున్న దాన్ని, దాచుకుంటున్న పన్నెండుమందిని కళ్ళెదురుగా పెట్టుకుని గుర్తుపట్టలేకపోయాను.

మైకు బల్ల దగ్గర కూర్చున్న పెద్దమనిషి దగ్గరికి వెళ్ళాను. పిల్లలు నీళ్ళు తాగలేదు గానీ, ఆయన ముందు నేను చాలా నీళ్ళు నమిలాను.

"సార్, పిల్లలకు... కొంచెం... చాటు ఉండే చోటు..."

ఆయనకు అర్థమయ్యాక నాకన్నా ఎర్రబడ్డాడు. చెడ్డవాడు కాదు. చెయ్యి చాపి నాలుగు దిక్కులూ చూపించాడు. "గ్రౌండు గింత పెద్దగున్నది టీచర్, యాడనైనా పోవచ్చు."

చూశాను. నిజమే, కనుచూపు మేరా బయలే, చివర ఎండమావి. అంత పెద్ద చోటులో పన్నెండుమంది ఆడపిల్లలకు ఒక్క మూల లేదు.

రెండు గల్లీల అవతల కెప్టెన్ వాళ్ళ ఇల్లు. తండా పిల్లను రిక్షాలో అక్కడికి తీసుకుపోయాం. వసారాలో ఒళ్ళో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతున్న ఆడవాళ్ళు మా మొహాలు చూసి, ఏమీ అడక్కుండా కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు. చాటలున్న ఇంట్లో చాటూ దొరికింది: వెనక తడకలు కట్టిన పెరడు. ఆ పెరడు చూశాకే పిల్ల పెదాలు విడివడ్డాయి. నిమ్మకాయ పిండి, చిటికెడు ఉప్పూ కాస్త చక్కెరా వేసిన నీళ్ళు గుక్క గుక్కగా తాగింది. తర్వాత దవాఖానలో చూపిస్తే కాంపౌండరు, "ఇట్లనే కొంచెం కొంచెం తాగియ్యుండ్రి. రేపు గూడ ఎండల ఆడనియ్యొద్దు," అన్నాడు. మిగతా పిల్లలు ఆ ఆట ఎలాగో గెలిచి, వంతులవారీగా అదే పెరట్లోకి పరిగెత్తుకొచ్చారు. గెలిచినందుకు వచ్చారా, పెరడున్నందుకా అని నేను అడగలేదు.

పొద్దు వాలుతుంటే పిల్లను తండాకి తీసుకెళ్ళాను. కాలువ గట్టు మీద గాలి తడివాసన వేస్తోంది. మేకల మెడల్లో గంటలు వినిపించేకొద్దీ పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ మేకలే కదా రేపట్నుంచి.

దాదీకి అంతా చెప్పాను. తప్పు నాదన్నాను.

"సదువు చెప్పేదానివి. గంత పెద్ద రంజన్ కొన్నవు. పోరి తాగుతుందా లేదా చూసుకోవద్దా?"

"నేనూ తాగలేదు దాదీ."

"నీకేమొచ్చింది?"

చెప్పాను. దాదీ తమ భాషలో మనవరాలితో గబగబా ఏదో అంది. పిల్ల నవ్వు ఆపుకుంది.

"ఏమందే?"

"మీ పంతులమ్మకు గూడ గుడ్డ అడ్డం కట్టాలె అంటుంది టీచర్."

"మరి రేపు పంపుతావా దాదీ? ఆడనివ్వను. ఊరికే నీడలో కూర్చుంటుంది."

"రేపటిది రేపు," అని లేచిపోయింది.

మర్నాడు ఫైనల్. తెల్లారి నేను గ్రౌండుకి వెళ్ళేసరికి దాదీ అక్కడుంది. మనవరాలు పక్కన నాలుగు కర్రలు పట్టుకుని నిలబడింది. గ్రౌండు చివర ఒక చోటు చూసి, కర్రలు పాతి, మూడు వైపులా పాత గాగ్రాలు విప్పి కట్టి, ఎదురుగా తన అద్దాల ఓణీ వేలాడదీసింది దాదీ. ఎండ పడగానే ఓణీలో వందల అద్దాలు ఒక్కసారి మేలుకున్నాయి. చాటు కోసం కట్టిన గుడ్డ ఊరందరికీ చాటింపు వేసింది. రోడ్డు మీద సైకిళ్ళవాళ్ళు దిగి చూశారు. అయినా ఒక్కడూ దగ్గరికి రాలేదు. ముందు దాదీ కూర్చుంది, ఒళ్ళో మేకల కర్ర పెట్టుకుని.

తండా పిల్ల రంజన్ పక్కన స్థిరపడింది. ఆటలో తరమలేకపోయిన కసి అంతా తోటి పిల్లల మీద తీర్చుకుంది.

"ఏయ్, గొంతు కదుల్తలేదు. మళ్ళ తాగు."

"తాగిన గదనే!"

"నాకు జెప్తున్నవా? గా దొంగ తాగుడు నిన్న నేను గూడ తాగిన."

కెప్టెన్ గొణుగుతూ మళ్ళీ గ్లాసెత్తింది. గొంతు కదిలింది. పన్నెండో గ్లాసు నా ముందుకొచ్చింది. "టీచర్, మీరు."

తాగాను. పట్టపగలు, గడప బయట, కడుపు నిండా. చల్లటి మట్టివాసన గొంతులోంచి దిగుతుంటే ఎవరింట్లోనో దొంగతనం చేస్తున్నట్టు గుండె కొట్టుకుంది. కొంతసేపటికి నేను కూడా ఆ గుడ్డల మధ్యకి వెళ్ళాను. లోపల వెలుగు ఎర్రగా, పసుపుగా ఉంది. అద్దాల చుట్టూ ఉన్న కుట్ల సందుల్లోంచి ఎండ చిన్నచిన్న చుక్కలుగా నా చీర మీద, చేతుల మీద పడి, గాలికి గుడ్డ ఊగినప్పుడల్లా ఈదుతోంది. బయట అరుపులు నీళ్ళ అడుగునుంచి వింటున్నట్టున్నాయి. అంతసేపు ఎవరూ చూడని చోట, ఏ తొందరా లేకుండా, పగటిపూట నేనెప్పుడూ నిలబడలేదు. బయటికి రావాలనిపించలేదు. దాదీ గొంతు వినిపించింది: "పంతులమ్మా, పండుకున్నవా ఏంది? ఎనక లైనున్నది!"

ఫైనల్ వర్ని ఊరి జట్టుతో. ఆఖర్లో తరిమేవాళ్ళు తడబడుతుంటే తండా పిల్ల నా కొంగు పట్టుకుంది. "ఒక్క పాలి టీచర్. నాకేం కాలే. ఒక్క పాలి పంపుండ్రి." నేను తల అడ్డంగా ఊపాను. ఆ ఒక్కసారి పంపితే గెలిచేవాళ్ళమేమో. మూడు పాయింట్లతో ఓడిపోయాం. ఆ పిల్ల మోకాళ్ళ మీద తలపెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఈసారి కళ్ళనీళ్ళు ధారగా వచ్చాయి. ఓడిన జట్టు టీచరు అంత సంతోషంగా ఒక పిల్ల ఏడుపు చూడటం, ఆ గ్రౌండులో అదే మొదటిసారి అయి ఉంటుంది.

దాదీ గాగ్రాలు విప్పి మడతపెట్టింది. ఓణీ దులిపి తలమీద వేసుకుంది. మనవరాలిని లేపింది. నేను అడగవలసిన మాట ఒకటి ఉంది, ఆడుతుందా, బడికి వస్తుందా అని. అడగడానికి ధైర్యం చాలక, కాస్త నీళ్ళు ఇద్దామని రంజన్లోకి గ్లాసు దించాను. సత్తు అడుక్కి తగిలి టక్కుమంది. తొంగిచూస్తే నా మొహం లేదు. తడిమన్నూ, ఒక వేపాకూ ఉన్నాయి.

దాదీ కూడా నా భుజం మీదనుంచి తొంగిచూసింది.

"ఒక్కటి సాలలే పంతులమ్మా," అంది. "వచ్చే ఏడు రెండు తే."

మనవరాలు అప్పటికే కాలువ గట్టు వైపు నడుస్తోంది. మెల్లగానే, నేను చెప్పినట్టే, నీడనుంచి నీడకు.