ఎడారి దారిలో మా చలివేంద్రం

‘ఇన్నేళ్ళుగా అదే ఆటా? నీకు విసుగు రాదా?’ అని నన్ను అడగనివి మా ఇంట్లో గోడలూ మగ్గాలే. మా ఆయన అడిగాడు, మా అత్త అడిగింది, చీరలు కొనడానికి వచ్చి నా ల్యాప్‌టాప్‌లోకి తొంగిచూసిన పెళ్ళివారు కూడా అడిగారు. ధర్మవరంలో మాది పట్టుచీరల ఇల్లు. వెనకగదిలో నేత, ముందుగదిలో అమ్మకం. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా వీధికి కాకి కూడా రాదు. ఆ వేళ నేను ఆటలోకి పోతాను. అందులో నేను విల్లు పట్టిన వేటగత్తెను. బయటేమో, బీరువాలోని చీరలన్నీ విప్పి చూపించాక ‘మళ్ళీ వస్తాం’ అని లేచిపోయే వాళ్ళకు నవ్వుతూ నమస్కారం పెట్టే మనిషిని. ఇలాంటి బతుకులో రోజుకో గంటయినా చేతిలో విల్లు ఉండాలి.

ఆ ఆటలో ఏముందని ఎవరైనా నిలదీస్తే ‘మీ సీరియల్‌లో ఏముంది?’ అని ఎదురు తిరిగేదాన్ని. నిజం చెప్పాలంటే జవాబు నాకూ తెలియదు. పాత ఆట. బొమ్మలు వెలిసిపోయినట్టుంటాయి, మనుషులు నడిస్తే మోకాళ్ళు వంగవు. తళతళలాడే కొత్త ఆటలు రెండు మూడు దించుకుని చూశాను. ఆ ఊళ్ళలో నన్ను పలకరించే దిక్కు లేదు. వారం తిరక్కుండా పాతదానికే వచ్చి పడ్డాను.

పాతదానిలో నాకు ఇద్దరు తోడుండేవారు. ఒకరు మంత్రాలు వేసే బక్కపలచని సన్యాసి. బయట ఆయన హైస్కూలు పిల్లలకు పొద్దునా సాయంత్రమూ సైన్స్ ట్యూషన్లు చెప్పే సారు. ఇంకొకరు ఆరడుగుల పైన ఎత్తు, బొడ్డు దాకా గడ్డం, భుజాన గొడ్డలి ఉన్న వీరుడు. మైకు తెరిస్తే ఆ గడ్డంలోంచి ఆడగొంతు వచ్చేది. ఆయమ్మ టైలరింగు షాపు నడుపుతుంది. ఆ వీరుణ్ణి తయారుచేసింది కాలేజీలో ఉన్నప్పుడు ఆమె కూతురు. ఉద్యోగం రాగానే ఆ పిల్ల వాణ్ణి గాలికి వదిలేసింది. ‘ఇంత గడ్డం పెంచి నడిదావలో ఇడిసిపెట్టి పోతే ఎట్లమ్మా? పాపం కదా’ అని తల్లి ఆ ఖాతా చేతిలోకి తీసుకుంది. నేను ఆమెను అక్కా అనేదాన్ని.

మొదట్లో ఎవరం ఏ ఊరో చెప్పుకోలేదు. ముక్కూమొహం తెలియని చోట ఊరు చెప్పకూడదని సారు పెట్టిన నియమం. ఆ నియమాన్ని రైలు చెడగొట్టింది. ఆటలో ఉండగా మా ఇంటి వెనక రైలు కూత వేసేది. కొంతసేపటికి సారు మైకులోంచి కూత. ఇంకొంతసేపటికి అక్క మైకులోంచి. మేము పట్టించుకోలేదు గానీ, అక్క చెవులు మహా పదును.

“ఏమ్మా, ఒగ రైలు దినామూ మీ ఇంటి కాడ కూసి, సారింటి కాడ కూసి, మా ఇంటికి వస్తాండాది. నాది హిందూపురం. నువ్వు ధర్మవరమా?”

“అవునక్కా!”

“అట్లయితే సారు పెనుకొండ!”

సారు “ఔనండీ” అన్నాడు, దొంగతనం బయటపడినట్టు. మేము అరిచిన అరుపులకు మా ఆయన చేతిలోని చీర కిందపడింది. అప్పటినుంచి రైలే మా గడియారం. రాక్షసి మీద పడబోయే ముందు “రైలు పెనుకొండ దాటనీ, అంతవరకూ ఆగు” అనుకునేవాళ్ళం. అంత దగ్గరున్నా ఒక్కసారీ కలుసుకోలేదు. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అంటూ జరిగిపోయింది. లోపల కొంచెం భయం కూడా. ఎదురెదురుగా కూర్చుంటే మాటలు దొరక్కపోతే?

ఇక మేము ముగ్గురం ఆటలో కట్టుకున్న ఇంటి సంగతి. ఆ ఆటలో కొత్తగా చేరినవాళ్ళు మొదటి ఊరి కోటవాకిలి దాటగానే ఎడారి వస్తుంది. దాహం వేస్తుందని, నీళ్ళు వెంట తీసుకుపోవాలని వాళ్ళకు ఎవరూ చెప్పరు. సగం దారిలో పడిపోతారు. ఇలా వరసగా పడిపోతున్నవాళ్ళను చూసి మా అక్కకు ఒళ్ళు మండింది. “ఇదేం అన్యాయమమ్మా? ఇంత ఎండల్లో, దావలో ఒగ చలివేంద్రమన్నా లేదా?” అంది. మాకు ఎండాకాలం వస్తే బస్టాండు దగ్గరా సర్కిల్లోనూ పందిరి వేసి, కుండలు పెట్టి, వచ్చేపోయేవాళ్ళకు నీళ్ళూ మజ్జిగా పోస్తారు కదా. అదే అక్కడా ఉండాలని అక్క పట్టు.

ముగ్గురం కూడబెట్టుకున్నదంతా పోసి ఎడారి నడుమ ఇంటి స్థలం కొన్నాం, అక్క పేరున. గృహప్రవేశం రోజున అక్క నిజంగానే హిందూపురంలో గ్యాసు పొయ్యి మీద పాలు పొంగించింది. పొంగిన చప్పుడు మేము మైకులో విన్నాం. సారు మంత్రం చదివాడు, నిజం మంత్రమే. వాకిట్లో కుండలు వరసగా పెట్టాం. నేను సరుకులు ఏరుకొచ్చేదాన్ని, సారు కలిపేవాడు, అక్క పోసేది. ఏ దేశం నుంచి ఎవరొచ్చినా అక్క ఇంగ్లీషు అక్షరాల్లో ఒకటే ముక్క కొట్టేది: ‘నీళ్ళు తాగి పో, దుడ్లు వద్దు.’ హిందూపురంలో డబ్బుల్ని కన్నడంవాళ్ళలాగే దుడ్లంటారు. వచ్చినవాడికి తెలుగు రాదు, కన్నడం అసలే రాదు. అయినా కుండ ముందు నిలబడ్డవాడికి అర్థం చెప్పాలా? తాగి, గంతులేసి పోయేవాడు. అది చూసినప్పుడల్లా నాకు కారణం లేకుండా నవ్వొచ్చేది. ఆరోజు ఒక్క చీరా అమ్ముడు పోకపోయినా సాయంత్రం దాకా ఆ నవ్వు ఉండేది.

ఆ ఆటలో ఇళ్ళకు ఒక చట్టం ఉంది. ఇల్లు ఎవరి పేరున ఉందో వాళ్ళే నెలన్నరలో ఒక్కసారైనా తమ కాలితో ఇంట్లో అడుగు పెట్టాలి. పెట్టకపోతే తలుపుకు చీటీ అంటిస్తారు. గడువు దాటితే ఇల్లు కూలుతుంది, స్థలం ముందు పట్టుకున్నవాళ్ళది. చీటీ పడ్డ ఇళ్ళ చుట్టూ కాచుకుని కూర్చునే గద్దలు ఉంటారు.

అక్క కూతురి కాపురం పుట్టపర్తిలో. పురుటికి హిందూపురం తీసుకుపోదామనుకుంటే డాక్టరమ్మ ప్రయాణం వద్దంది. అక్కే షాపుకు తాళం వేసి కూతురి దగ్గరకు వెళ్ళి ఉండిపోయింది. కంప్యూటరు హిందూపురంలో, అక్క పుట్టపర్తిలో, చలివేంద్రం తలుపు మీద చీటీ. గడువు లోపల ఒకసారి హిందూపురం వచ్చి, ఆటలో అడుగు పెట్టి పోతానంది. వచ్చేలోపే ఒక పొద్దున ఫోను.

“అమ్మా, పాపకు నొప్పులొచ్చినాయి. ఆసుపత్రిలో ఉండాము.”

“శుభం అక్కా!”

“శుభమే గానీ, ఈ మాపటికి మన ఇల్లు పోతాదే! ఆ గద్దల చేతిలో పడితే బిందె నీళ్ళు కూడా అమ్ముకుంటారు.”

సారును కూడా ఫోనులో కలిపాను. “పాస్‌వర్డు చెప్పండక్కా, మేము లోపలికి పోతాం” అన్నాడాయన.

“చెప్పేకి రాదప్పా. నా వేళ్ళకు వస్తాది, నోటికి రాదు. ఎడమచేత్తో ఆ మూల రెండు కొట్టాల, కుడిచేత్తో నడిమిలో ఒగటి, మళ్ళా వెనక్కి వచ్చి... అయ్యో, గాల్లో రాలేదే!”

“అయితే పెట్టింది మీ అమ్మాయే కదా, ఒకసారి ఆ పాపనే అడిగి...”

“ఏమప్పా సారూ, పిల్ల నొప్పులు పడతాంటే పోయి పాస్‌వర్డు అడగమంటావా? నీకు పెండ్లయిందా?”

“అయిందక్కా.”

“మళ్ళా?”

సారు వెంటనే ఆసుపత్రి ఎక్కడో అడిగాడు. వేళ్ళు ఇక్కడికి రాలేవు గనక, మీటలే వేళ్ళ దగ్గరకు పోవాలని తేలింది. ల్యాప్‌టాప్ చీరల సంచిలో వేసుకుని చెప్పులు తొడుక్కున్నాను.

“యాడికి పోతాండావు?” అన్నాడు మా ఆయన.

“పురుడు చూసేకి, పుట్టపర్తికి.”

“ఎవరికి పురుడు?”

“మా అక్క కూతురికి.”

“నీకు అక్క యాడుండాదే?”

“హిందూపురంలో” అని చెప్పి, ఆయన ఆ మాట అరిగించుకునేలోపు బస్టాండులో ఉన్నాను. బస్సులో సంచి ఒడిలో పెట్టుకుని ఒక్కదాన్నే నవ్వుకుంటున్నాను. పక్కనున్నావిడ కొంచెం జరిగి కూర్చుంది.

ఆసుపత్రి మెట్ల దగ్గర హెల్మెట్ చేత్తో పట్టుకుని ఒక భారీ మనిషి నిలబడి ఉన్నాడు. పెద్ద మీసాలు. “మీరు... ధర్మవరమా?” అన్నాడు. ఆ గొంతు మా బక్క సన్యాసిది! పెనుకొండ నుంచి మోటారు సైకిల్ మీద వచ్చాడు. పై అంతస్తు వరండాలో, జాకెట్టుకు అలవాటుగా గుండుసూదులు గుచ్చుకుని ఉన్న ఒక చిన్న మనిషి మా ఇద్దర్నీ చూసి లేచింది. నా భుజం దాకా కూడా రాదు.

“గడ్డం యాడ పెట్టొచ్చినావక్కా?” అన్నాను.

అంతే, ముగ్గురికీ నవ్వు ఆగలేదు. మాటలు దొరకవేమోనని ఇన్నేళ్ళు భయపడ్డానా నేను? నర్సు వచ్చి కసిరింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వాం.

బెంచీ మీద ల్యాప్‌టాప్ తెరిచాను. ఆ రోజే వచ్చిన కొత్త మార్పులు దించుకుంటే తప్ప రానివ్వనంది ఆట. ఎంత పెద్దవో! సారు ఫోను నెట్టు పెట్టాం. అది నత్తలా పాకుతోంది. అక్క వియ్యపురాలు ఎదురుగా కూర్చుని అంతా చూస్తోంది.

“ఏంది వదినా ఇది, ఈ టయంలో?”

“ఇల్లు పోతాంది వదినా.”

“ఏ ఇల్లు? హిందూపురందా?” అని ఆమె గుండె పట్టుకుంది.

“కాదు, ఎడారిలోది.”

“ఎడారిలో ఇల్లు కొన్నారా? మాకు ఒగ మాటన్నా చెప్పకుండా!” అని వియ్యంకుడు లేచాడు. సారు ఆయన్ను పక్కకు తీసుకుపోయి, బ్లాక్‌బోర్డు ముందు చెప్పినంత ఓపికగా అంతా చెప్పాడు. ఎండలో పడిపోయే కొత్తవాళ్ళ సంగతి విన్నాక ఆ పెద్దాయన జేబులోంచి తన ఫోను తీసి ఇచ్చాడు. “నా దాంట్లో సిగ్నలు బాగుంటాది, పెట్టండి” అన్నాడు. ఆ తర్వాత వరండా అంతా మా పార్టీయే. లోపలినుంచి కబురు కోసం ఒక కన్ను, తెర మీద ఆకుపచ్చ గీత కోసం ఒక కన్ను. “ఎంతొచ్చింది?” అని ఎవరైనా అడిగితే ఎవరి సంగతి అడుగుతున్నారో తెలిసేది కాదు.

ఎండ వాలాక గీత నిండింది. పాస్‌వర్డు గడి వచ్చింది. గడువుకు ఇంకా కాసింత టైముంది. అక్క చేతులు కొంగుకు తుడుచుకుంది. వేళ్ళు మీటల మీద పెట్టింది.

అప్పుడే తలుపు తీసుకుని నర్సు వచ్చింది. “ఆడబిడ్డ. తల్లీ బిడ్డా బాగున్నారు. అమ్మమ్మ ఎవరు?”

అక్క వేళ్ళు మీటల మీదనుంచి లేచాయి. తెర వంక ఒక్క క్షణం కూడా చూడలేదు. చెప్పులు బెంచీ కిందే వదిలేసి లోపలికి పరిగెత్తింది.

నేనూ సారూ ఆ ఖాళీ గడిని చూస్తూ కూర్చున్నాం. “పిలుద్దామా సార్?” అన్నాను. “వద్దమ్మా” అన్నాడు. నాకూ పిలవాలని లేదు. టైము మా కళ్ళ ముందే దాటిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఆసుపత్రి వరండాలో, బిడ్డ పుట్టిన సంబరం మధ్య, నిజంగా ఎక్కడా లేని ఇంటి కోసం సిగ్గులేకుండా ఏడ్చాను. సారు హెల్మెట్‌ను ఇటు తిప్పి అటు తిప్పి చూస్తున్నాడు.

చాలాసేపటికి అక్క మెత్తటి పాతచీరలో చుట్టిన బిడ్డను ఎత్తుకుని వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. మా ముఖాలు చూసింది. బిడ్డను వియ్యపురాలి చేతుల్లో పెట్టి బెంచీ మీద కూర్చుంది.

“పోయింటే పోయింటాది. చూసైనా వద్దాం” అంది. వేళ్ళు టకటకా నడిచాయి, ఒక్క తప్పూ లేకుండా.

గడ్డం వీరుడు ఇసకలో ప్రత్యక్షమయ్యాడు. మా ఇల్లు లేదు. ఆ చోట వేరే ఇల్లు లేచి ఉంది, చిన్నది, కళ్ళకు గుచ్చుకునే ఆకుపచ్చ రంగు. ‘చూడక్కా, గద్దలు’ అనబోయాను.

వాకిట్లో కుండలున్నాయి. వరసగా, మేము పెట్టినట్టే. వాటి పక్కన నీలం అంగీ వేసుకున్న ఒక మనిషి నిలబడి ఉంది. తల మీద కనిపించే పేరు ఏ భాష అక్షరాలో మా ముగ్గురికీ తెలియదు. ఎప్పుడో ఆ దారిలో పడిపోబోతూ మా దగ్గర తాగి పోయిన మనిషే అయ్యుండాలి. వచ్చినవాళ్ళందరికీ చెప్పినట్టే మా వీరుడికీ ఒక ముక్క చెప్పింది. తెర మీది ఇంగ్లీషు అక్షరాలను అక్క కూడబలుక్కుని పైకి చదివింది.

“నీలూ... తాగీ పో... డుడ్లూ వడ్డు.”

చంటిదాన్ని ఎత్తుకుని తెరలోకి వంగి చూస్తున్న వియ్యపురాలు “దుడ్లంటే మన దుడ్లేనా వదినా? ఆయమ్మకెట్ల తెలుసు?” అంది.

అక్క నవ్వుతోంది, కళ్ళలోంచి నీళ్ళు జాకెట్టు మీద సూదుల మీదికి కారుతున్నాయి. “ఇన్నేండ్లు అందరికీ పోస్తిని గానీ, నేను ఒగ పొద్దు కూడా తాగలేదు కదమ్మా” అంది.

గడ్డం వీరుణ్ణి కుండ దగ్గరకు నడిపించింది, వంగని మోకాళ్ళతో. మీట నొక్కింది. వాడు దోసిలి పట్టి గడగడా తాగాడు.