తలుపు మీద తెల్లవెంట్రుక

నిన్న మధ్యాహ్నం అత్తయ్యగారూ నేనూ కలిసి టీవీలో ఓ థ్రిల్లర్ సినిమా చూశాం. ఇంట్లో అందరి మీదా అనుమానం పెంచుకున్న ఓ భార్య కథ. తన గదిలోకి ఎవరు వస్తున్నారో కనిపెట్టడానికి ఆవిడ తలుపుకీ గుమ్మానికీ కలిపి ఓ వెంట్రుక అంటిస్తుంది. కథ నత్తనడక నడుస్తుంటే నేను రెండుసార్లు కునుకు తీశాను. అత్తయ్యగారు మాత్రం చింతపండులో గింజలు తీస్తూ, రెప్ప వేయకుండా చూశారు.

ఈ రోజు మధ్యాహ్నం అందరూ పడుకున్నాక, చిన్న రసాల మామిడిపండ్లు గడ్డిలో మాగేసిన గదిలోకి మెల్లగా దూరాను. మా ఇంట్లో తొలి పండ్లు ముసునూరులో ఉన్న మా ఆడపడుచుకి వెళ్లాకే ఎవరైనా ముట్టుకోవాలి. కానీ ఆ వాసనకి నా వల్ల కాలేదు. ఒకటి నిలబడే పీల్చేసి, గొళ్లెం పెట్టి, టెంక పెరట్లో పాతేసి, మూతి కడుక్కుని వచ్చి పడుకున్నాను.

సాయంత్రం టీ తాగుతూ అత్తయ్యగారు అడిగారు.

"పండు తీపెక్కిందా అమ్మాయ్?"

"ఏ పండండీ?"

"పొద్దున ఆ తలుపుకి నా తెల్లవెంట్రుక ఒకటి మెతుకుతో అంటించా. ఇప్పుడు చూస్తే ఊడిపోయుంది."

"పిల్లి దూరిందేమోనండీ."

"గొళ్లెం తీసి మళ్లీ పెట్టే పిల్లా? సరేలే. తీపెక్కితే రేపే ముసునూరు పంపిద్దాం. పుల్లటివి పంపి వియ్యాలవారి దగ్గర పరువు తీసుకోలేను. నిజం చెప్పు."

"తేనేనండీ," అన్నాను తలొంచుకుని.

ఆ సినిమా స్లో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అత్తగారు ఏమీ నేర్చుకోలేని సినిమా ఏదైనా ఉంటే చెప్పండి. బంగినపల్లి ఇంకా మాగాల్సి ఉంది.