తల్లి గడి

వీధిలో అందరికీ ఆమె లేబులక్క. అసలు పేరెట్టి ఎవరైనా పిలిస్తే, ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూసేది.

మూలమీది మందుల దుకాణం వెనక గదిలో, కిటికీ పక్కన, కంప్యూటర్ ముందు ఆమె కుర్చీ. పెద్ద డబ్బాల్లో వచ్చిన మందును చిన్న సీసాల్లోకి పోసి అమ్మే దుకాణం అది. సీసాలన్నీ ఒక్క పోలికే. గోధుమరంగు గాజు, నల్ల మూత. లోపల నిద్ర ఉందో, నొప్పి తగ్గించేదుందో, ఇంకేముందో చెప్పేది పైనున్న కాగితం ఒక్కటే. ఆ కాగితం ఆమె పని.

తెరమీద ఒక పేజీ, పేజీ నిండా గడులు. ఎడమచేతి పైమూల గడిలో మాత్రమే ఆమె టైపు చేసేది: మందు పేరు, ఎన్ని చుక్కలు, ఎప్పుడు వెయ్యాలి, చుట్టూ సన్నటి గీత. దాన్ని తల్లి గడి అనేది. మిగతావన్నీ పిల్లలు. పక్కన సింక్రొనైజ్ అని ఒక చిన్న బటన్ తేలుతూ ఉండేది. అది నొక్కితే తల్లిలో ఉన్నదంతా రెప్పపాటులో పిల్లలన్నిటిలోకీ పాకిపోయేది, ఒక కిటికీలో దీపం చూసి వీధంతా దీపాలు పెట్టుకున్నట్టు. నొక్కకపోతే తల్లిది కొత్త మాట, పిల్లలది పాత మాట.

ఆ బటన్‌ని ఆమె చివరిదాకా ముట్టుకునేది కాదు. యజమాని, అందరూ మందులాయన అనే పెద్దమనిషి, ఒక మాట మీద నిలిచే రకం కాదు. అక్షరం లావు చెయ్యమనేవాడు, లావయ్యాక సన్నగా ఉంటేనే బాగుండేదనేవాడు. అందుకని ఆయన సరే అన్నాకే బటన్, బటన్ తర్వాతే ప్రింటు. ఆయనకి చూపు సరిగా ఆనదు కాబట్టి తల్లి గడి ఒక్కదాన్నే తెర నిండా పెద్దది చేసి చూపించేది. అచ్చయ్యాక తల్లి లేబుల్ని నమూనా సీసాకి అతికించి అరమీద పెట్టేది. ఎవరు ఏమడిగినా ఆ సీసా చూపించి, మిగతావన్నీ దీని ముఖమే అనేది, కాస్త గర్వంగానే.

ఆ రోజు పొద్దున నిద్రమందు కొత్త డబ్బా వచ్చింది. మూత తియ్యగానే గదిలోకి తియ్యటి బరువు వాసన ఒకటి దిగి, గోడల్నానుకుని కూచుంది. మందులాయన డబ్బా మీది కాగితాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని చదివాడు. ఇది పాతదాని కంటే బాగా ఘాటు, ఇక పది చుక్కలు కాదు, రెండే వెయ్యాలి, పది పడితే ముసలివాళ్ళు మళ్ళీ కళ్ళు తెరవరు అన్నాడు. ఆమె పాత ఫైలు తెరిచి తల్లి గడిలో పది తీసేసి రెండు పెట్టింది. పెద్దది చేసి చూపించింది. ఆయన ముక్కు తెరకి ఆనేంతగా వంగి చూసి, బాగుందన్నాడు.

ప్రింటర్లో కాగితం లేదు. ఆమె లేచి, వంగి, లేబుళ్ళ షీటు పెట్టింది. చెయ్యి ఇంకా తియ్యకముందే అది గుర్రుమంది.

"ప్రింటు నేనే కొట్టానమ్మా," అన్నాడు మందులాయన వెనకనుంచి, మురిసిపోతూ. "ఎంతసేపని నిన్ను బతిమాలుకోను? నేనూ నేర్చుకున్నాలే."

"అయితే రేపట్నించి నేను ఇంట్లోనే ఉంటాను, జీతం పంపించెయ్యండి," అందామె.

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వులో బటన్ సంగతి కొట్టుకుపోయింది. షీటు వెచ్చగా, ముఖం కిందికి వాల్చుకుని బయటికొచ్చింది. తల్లి రెండంది. పిల్లలన్నీ పదే అన్నాయి. ఆమె తల్లిని మరోసారి చదివి నమూనా సీసాకి అతికించింది. మిగతావి చూపుతో పనిలేకుండా వేళ్ళే అతికించుకుపోయాయి. రోజూ కనబడే ముఖాన్ని ఎవరు చదువుతారు?

మధ్యాహ్నం పక్కింటి దర్జీ భార్య వచ్చింది. వాళ్ళ మామగారి దగ్గు ఆ వీధికి గడియారం. పొద్దు వాలగానే మొదలయ్యేది, అది విని అందరూ లైట్లు వేసుకునేవాళ్ళు. ఆయన నిద్రపోడు, ఇంట్లో ఎవరినీ నిద్రపోనివ్వడు. ఒక్క పూట ఆయన కళ్ళు మూస్తే నేను మళ్ళీ మనిషినవుతానక్కా అంది. ఎన్ని చుక్కలని అడిగింది. లేబులక్క వేళ్ళకి లేబుళ్ళు వేలాడుతున్నాయి. సీసా మీదే ఉందిగా, చూసి వెయ్యి అని పంపేసింది. ఆ తర్వాత కూడా ఎవరెవరో వచ్చారు. సీసాలు ఒక్కొక్కటే సంచుల్లోకి, జేబుల్లోకి, చీర చెంగుల చాటుకి వెళ్ళిపోయాయి.

సాయంత్రం ఇంటికొస్తూ అత్తగారికీ ఒకటి తెచ్చింది. ఈసారి రెండే చుక్కలు, మందు ఘాటు అని చెప్పి చెప్పులు విప్పుతోంది. అత్తగారు భూతద్దం తీసి సీసా మీద పెట్టింది. కోడలు చెప్పిన ఏ మాటనీ తిరగేసి చూడకుండా ఒప్పుకోవడం ఆవిడకి చేతకాదు.

"రెండేమిటే? ఇక్కడ పది అని అచ్చేసి ఉంటే. మందులో కూడా పిసినారితనమేనా?"

"సరిగ్గా చూడండి అత్తయ్యా. నేనే కదా రాసింది."

"నువ్వు రాశావనే చూస్తున్నా. ఇంద, కళ్ళున్నాయిగా, చదువు."

ఆమె చదివింది. భూతద్దం కింద ఒకటీ సున్నా, ఉబ్బి, నింపాదిగా ఆమెకేసే చూస్తున్నాయి. పొద్దున నొక్కని బటన్ అప్పుడు గుర్తొచ్చింది.

సీసా లాక్కుని మందంతా తూములో వొంపేసింది. పోట్లాటే అత్తగారిని బతికించింది. పోట్లాడకుండా, అచ్చులో ఉన్నది నమ్మి చెంచాలో కొలిచి పోసుకునేవాళ్ళు మిగిలారు.

మందులాయనకి ఫోన్ చేసి, నిద్రమందు కొన్నవాళ్ళందరికీ వెంటనే చెప్పండి, వెయ్యొద్దనండి అంది. ఆయన నమూనా సీసా చూసి, ఇందులో రెండే ఉందిగదమ్మా అంటున్నాడు. ఆమె ఫోన్ పెట్టకుండానే వీధిలోకి పరిగెత్తింది.

పొద్దు వాలి చాలాసేపయింది. ఏ ఇంట్లోనూ లైటు లేదు. దేనికోసమో వీధంతా ఎదురు చూస్తున్నట్టుంది. ఆమెకి వినిపించింది, వినిపించని దగ్గు.

దర్జీ ఇంటి తలుపు తట్టింది. దర్జీ భార్య మెల్లిగా తీసింది. తల దువ్వుకుని ఉంది. పెదవి మీద వేలుంచుకుని, ముఖం విప్పార్చుకుని నవ్వింది.

"మెల్లిగా, అక్కా. నువ్వు చెప్పినట్టే సీసా చూసి వేశా. ఇన్నాళ్ళకి ఎంత హాయిగా పడుకున్నారో. లేపకు."

లేబులక్క ఆమెని తోసుకుని లోపలికి పోయింది. చీకట్లో మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడి, పెద్దాయన భుజాలు పట్టుకుని కుదుపుతూ, ఒక్క దగ్గు కోసం చెవులు రిక్కించింది.